కడుపులో రాళ్ళు

"అత్తయ్యా, ముందు ఆ సీసా నా బల్ల మీంచి తీసేయండి!"

కోడలు రెండడుగులు వెనక్కి వేసింది. సీసా నిండా మడ్డి రంగు నీళ్ళు, అడుగున శనగగింజలంత రాళ్ళు. మొన్న ఆపరేషన్ చేసి అత్తగారి కడుపులోంచి తీసినవట.

"నీ పళ్ళేల్లో ఆ రెజిన్ జిగురుతో సముద్రం పోస్తావుగా, ఒడ్డున గులకరాళ్ళు పేరుస్తావుగా! ఈసారి నావి పేర్చు," అంది అత్తగారు తాపీగా.

"ఛీ ఛీ! ఆ పళ్ళెంలో కప్పులు పెట్టుకుని కాఫీ తాగుతాం అత్తయ్యా."

"అందుకే అడుగుతున్నా. తిన్న మెతుకు ఒంటబట్టనివ్వకుండా నన్ను ఏడిపించుకు తిన్నాయి. రోజూ వీటి నెత్తిన పొగలు కక్కే కప్పు పెట్టాలి. అప్పుడుగానీ నా కసి తీరదు."

కోడలు మొగుడి దగ్గరికి పరిగెత్తింది.

"మీ అమ్మకి మీరైనా చెప్పండి."

"మా అమ్మకి చెప్పి గెలిచినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, వెళ్ళి వాడి కాళ్ళ మీద పడతా," అంటూ అతను ఫోనులో తల దూర్చేశాడు.

అత్తగారు అలా వాకింగ్‌కి వెళ్ళగానే, కోడలు ముక్కుకి గుడ్డ కట్టుకుంది. సీసాని పట్టకారుతో పట్టుకెళ్ళి, మొహం పక్కకి తిప్పుకుని, పెరట్లో చెత్త డబ్బాలో వంపేసింది. సబ్బుతో చేతులు అరిగిపోయేలా కడుక్కుంది. ఇంకా ఏదో అంటుకున్నట్టే అనిపించి మళ్ళీ కడుక్కుంది.

తర్వాత నిశ్చింతగా పనిలో కూర్చుని, తన గులకరాళ్ళ డబ్బా తెరిచింది. నున్నగా, తేనెరంగులో ముచ్చటగా ఉన్నాయి. దుకాణంవాడు ఈసారి మంచి సరుకే ఇచ్చాడనుకుంది. తడి రెజిన్ కింద రంగు ఎలా తేలుతుందో చూడాలిగా! అలవాటు ప్రకారం ఒక్కోదాన్నీ నాలుకకి తాకించి చూసుకుంటూ ఒడ్డు వెంట పేర్చింది.

చేతి తొడుగులు వేసుకుని, రెజిన్‌లో అది గట్టిపడేందుకు హార్డెనర్ కలిపి, బుడగలు లేవకుండా నెమ్మదిగా తిప్పింది. గ్లాసు ఎత్తి పట్టుకుని దారంలా సన్నటి ధారగా పోసింది. అలా జారితే లోపలి గాలి దారిలోనే తప్పుకుంటుంది. లోతున చిక్కటి నీలం, ఒడ్డుకొచ్చేకొద్దీ పలచన. అంచు వెంట తెల్లరంగు గీతలా పోసి, మిషన్‌తో వేడి గాలి ఊదింది. తెలుపు చెదిరి, నురగై, రాళ్ళ మీదికి పాకింది. పైకి తేలిన బుడగలకి మంట చూపిస్తే చిట్లిపోయాయి.

గట్టిపడ్డాక పళ్ళెం తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో రాయినీ పైనుంచి వేలితో తడిమి చూసింది.

"అబ్బ, ఎంత బాగా పేర్చావే! నా పీడ కూడా ముత్యాల్లా మెరుస్తోంది."

కోడలు నవ్వుని పళ్ళ మధ్య బిగబట్టింది. "మీ రాళ్ళు కదా అత్తయ్యా, ఆమాత్రం మెరవవూ?"

"అవును మరి! సీసా ఇస్తే రోసి పారబోస్తావని నాకు తెలీదూ? అందుకే అందులో ఇంత కంకర టీ నీళ్ళలో నానేసి నీకిచ్చి, నా రాళ్ళు తీసుకెళ్ళి నీ డబ్బాలో పోశా!"