ఊరూ పేరూ

“మీ పాపని మాకు అప్పజెప్పండి. రెండేళ్లలో ఒకటో తరగతికి తయారుచేసి చేతిలో పెడతాం,” అన్నాడు కోటేశ్వర్ సారు, రంగురంగుల పుస్తకాలు బల్ల మీద పరుస్తూ. “ఏబీసీడీలు, వందదాకా అంకెలు, ఇరవై రైములు. అన్నీ ఇంగ్లీషులోనే.”

చూశావా అన్నట్టు జుబేదా పక్కనున్న దుర్గను మోచేత్తో పొడిచింది. ఈ బడి చూపించింది ఆమే.

దుర్గ పుస్తకాల వంక చూడనైనా లేదు. “పేరూ ఊరూ చెప్పడం నేర్పుతారాండీ?” అంది.

“ఎవరి పేరమ్మా?”

“పిల్లది తన పేరు, అమ్మానాన్నల పేర్లు, ఊరు, జిల్లా. ఎవరడిగినా చెప్పాల.”

సారు నవ్వాడు. “అవి ఇంట్లో వాటంతటవే వస్తాయి. దానికి బడెందుకు?”

“ఇంట్లో చెప్పిద్దండీ. కొత్తవాళ్లడిగితేనే నోరు పెగలదు.”

“అదీ చూద్దాం,” అంటూ సారు, దుర్గ కొంగు పట్టుకుని నిలబడ్డ వెన్నెలను దగ్గరికి పిలిచాడు. “మీ అమ్మ పేరేంటి బంగారం?”

వెన్నెల బిక్కమొహం వేసింది. “అమ్మ,” అంది.

సారు, జుబేదా పకపకా నవ్వారు. దుర్గ మొహం మాడిపోయింది. పిల్లను చంకనేసుకుని, “పదక్కా,” అంటూ గుమ్మం దాటింది.

రోడ్డెక్కగానే జుబేదా అందుకుంది. “ఏమే, అంత పౌరుషమేందే? మూడున్నరేళ్ల పిల్ల అమ్మని అమ్మ అనక, దుర్గాదేవి అనిద్దా?”

దుర్గ పిల్లను చంక మార్చుకుని నడక పెంచింది.

నడికుడిలో రైలు గేటు అవతల రేకుల గదుల వరసలోకి జుబేదా వచ్చి మూడు నెలలైంది. భర్త రఫీక్ మెకానిక్, కూతురు హీనాకు ఎనిమిదేళ్లు. తను ఇంట్లో మిషను కుడుతుంది. మొదట గుడ్డ తెచ్చిచ్చింది పక్కగది దుర్గే. ఒకే రంగువి రెండు గౌన్లు కుట్టమంది. ఒకటి వెన్నెలకి. రెండోది ఎనిమిదేళ్ల పెద్దపిల్లకి.

“దీని కొలతలేవే?”

“మీ హీనా కొలతలకి కుట్టక్కా. ఆ ఈడుదే.”

“పిల్ల ఊళ్లో లేదా?”

“లేదక్కా.”

దుర్గ పుట్టిల్లు రొంపిచెర్ల అని జుబేదాకు తెలుసు. అమ్మమ్మ దగ్గర పెట్టి చదివిస్తున్నారు కాబోలు అనుకుంది.

దుర్గ మంచిదేగాని వట్టి మొండిది. భర్త పున్నారావు పనిచేసేది బెల్లంకొండ దగ్గర క్వారీలో. అక్కడ యజమాని స్లాబు ఇల్లు ఇస్తానన్నాడట. దుర్గ కదలనంది. రైలు వచ్చినప్పుడల్లా గిన్నెలు గలగలలాడే ఈ గదే ఆవిడకు ముద్దు. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, వాకిట్లోకొచ్చి ఆఖరి పెట్టె పోయేదాకా చూస్తుంది, పుట్టి రైలెరగనట్టు.

రెండో బడిలోనూ దుర్గ అదే ప్రశ్న వేసింది. అక్కడి మేడమ్ ఐడీ కార్డు చూపించింది. “పేరు, అడ్రసు, ఫోన్ నంబరు అన్నీ దీనిమీద ఉంటాయి. పిల్ల మెడలో వేస్తాం.”

“తాడు తెగి పడిపోతేనో?” అంది దుర్గ.

మేడమ్ జుబేదా వంక చూసింది. జుబేదా సిగ్గుతో తల తిప్పుకుంది.

తిరుగుదారిలో దుర్గ అంగన్‌వాడీ ముందు ఆగింది. లోపల చాపల మీద పాతికమంది పిల్లలు. రామాయమ్మ టీచరు ఒక్కొక్కరినీ లేపి నిలబెడుతోంది.

“నా పేరు సల్మాన్. మా అమ్మ హుమేరా. మా నాన్న నూర్ మొహమ్మద్. మాది నడికుడి, పల్నాడు జిల్లా.”

“ఇంకోసారి చెప్పు నాన్నా,” అంది దుర్గ గుమ్మంలోనే గొంతుక్కూర్చుని.

వాడు ఇంకా గట్టిగా అరిచి చెప్పాడు.

“నా దగ్గర మొదటి పాఠం ఇదేనమ్మా,” అంది రామాయమ్మ. “వీధిలో పోయేవాళ్లని పిలిచి మరీ అడిగిస్తా. చెప్పకపోతే గుడ్డు పెట్టనని బెదిరిస్తా.”

దుర్గ అప్పటికప్పుడే పేరు రాయించింది.

“పిల్లలెంతమంది?”

“ఇద్దరండీ.”

“పెద్దది ఏం చదువుతోంది?”

“మూడో తరగతి ఈడండీ.”

రామాయమ్మ ‘మూడు’ అని రాసుకుంది. వెన్నెల అప్పటికే పిల్లల వరసలో కూర్చుంది. గంట తర్వాత గాని లేవలేదు.

ఇంటిదారిలో జుబేదా ఇక ఆగలేకపోయింది. “పొద్దుటినుంచి కాళ్లరిగేట్టు తిప్పి, చివరికి గుడ్ల బడిలో వేశావ్. రేపు ఒకటో తరగతిలో తోటిపిల్లలు ఇంగ్లీషులో మాట్లాడతంటే ఇది తెల్లమొహమేసుకు కూర్చోవాల. దీని చేతికి కూడా సుత్తే ఇద్దామనా?”

“అయ్యన్నీ నిదానంగా వస్తాయిలే అక్కా.”

“ఎప్పుడొస్తాయే? చానా తెలిసినదానిలా మాట్లాడబాక!”

రైలు గేటు పడింది. గేటు దగ్గర నిలబడ్డ ముసలాయన ఒకడు వెన్నెల బుగ్గ పుణికి, “ఎవరి పిల్లవే నువ్వు?” అన్నాడు.

“నా పేరు వెన్నెల,” అంది పిల్ల. “మా అమ్మ దుర్గ. మా నాన్న పున్నారావు. మాది నడికుడి.”

జిల్లా మర్చిపోయింది. అయినా దుర్గ పిల్లను నలిపేసేలా గుండెలకు హత్తుకుంది. జుబేదాకు కోపం పోయి నవ్వొచ్చింది.

“ఓసోస్, ఇంతోటిదానికేనా! గంటలో వచ్చింది. పెద్దదానికి ఎవరు నేర్పారే, నువ్వేగా?”

రైలు వచ్చింది. దుర్గ ఒక్కో కిటికీనీ చూస్తూ నిలబడింది. ఆఖరి పెట్టె కూడా దాటిపోయింది. గేటు లేచింది. జనం కదిలారు.

“దానికి నేర్పలేదక్కా,” అంది.

జుబేదా ఆగిపోయింది.

“అందుకే నాలుగేళ్లయినా దొరకలా.”