బిగుసుకున్న మరలు

"ఈ రోబో మరలు మనిషి బిగించినవి కావు. మీ జట్టు పోటీలో లేదు!" అంది పరీక్షకురాలు.

నీలవేణి గబగబా వంగి ఆ మరలను చూసింది. ఇంటింటా మరమనుషులే పనిచేసే ఈ రోజుల్లో, వాళ్ల హైస్కూలు కొత్తగా పెట్టిన రోబోల తయారీ జట్టుకు పోటీలో ఒకటే నియమం. అంతా పిల్లల చేతులతోనే చెయ్యాలి.

"నిన్న రోబో మీ ఇంట్లోనేగా ఉంది?" జట్టులోని ఫిరోజ్ మండిపడ్డాడు.

"ఒట్టు, నేను కాదురా!"

వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. వంటింటి మరమనిషి ఎత్తింది.

"నేనే బిగించాను పాపా."

"ఎవరు చెయ్యమన్నారు?"

"చెప్పొద్దన్నారు. నీ వేళ్ల మీద బొబ్బలు చూసి ఏడ్చారు."

ఆ బొబ్బలకు వెన్న రాసి ఊదిన మనిషి గుర్తొచ్చి, నీలవేణి ఫోన్ పెట్టేసింది.

"ఎవరే?" ఫిరోజ్ రెట్టించాడు.

"మా నానమ్మ."