చెద పట్టిన పాట

ముందుముందు మరిచిపోతానేమోనన్న బెంగతో తాబేలవ్వ అడవి పాటలన్నీ బెరళ్ల మీద గీసి, చెట్టుతొర్రలో దాచేది. ఒకనాడు కోయిల పాటకు చెద పట్టింది!

"గోరింకా, రావే! ఇది పోయేలోగా నేర్చేసుకో!" అని అవ్వ, విన్నది విన్నట్టు పలికే గోరింకను కేకేసింది.

"నా పాటకు నకలా? ఒప్పుకోను!" అంటూ కోయిల వాలింది.

"అమ్ముకోవడానికా తల్లీ? దాచడానికే. పోనీ, నీకు గుర్తుంటే పాడు, చాలు."

కోయిల ఠీవిగా గొంతెత్తింది. రెండో చరణం ఎంతకీ రాలేదు. బెరడు మీద చెదలు ఆ చరణం దాకా వచ్చేశాయి!

"అవ్వా, చదువు! గోరింకా, పట్టుకో!" ఈసారి కోయిలే అరిచింది.

అవ్వ చదువుతుంటే గోరింక అందుకుంది. ఆఖరి మాట అందగానే బెరడు పొడైపోయింది.

"పాట నాదేగా?" అంది కోయిల.

"నీదేనే," అంటూ అవ్వ కొత్త బెరడు మీద పాటా, పేరూ గీసి, మనవరాలిని పిలిచింది. "కోయిల పేరే వేశానా, గోరింకది వేశానా? అప్పుడే మరిచిపోయాను, కాస్త చూడవే."