పిలవకుండా వచ్చాడు

కంప్యూటర్ మెకానిక్ ఆ పొద్దున పిలవకుండానే వచ్చాడు.

తలుపు తీసిన ఇంటాయన మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. "ఆ దరిద్రం మళ్ళీ వచ్చిందండీ. మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నాను" అన్నాడు. మెకానిక్ ఏదో చెప్పబోయి, గొంతు సవరించుకుని లోపలికి నడిచాడు.

కొత్త ప్రింటర్ కొన్న సంబరం ఆ ఇంట్లో రెండు రోజులైనా నిలవలేదు. కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, చూడకూడని బొమ్మలు తెరనిండా పరుచుకునేవి. ఒకటి మూస్తే రెండు తెరుచుకునేవి. మెకానిక్ ఇప్పటికే రెండుసార్లు తుడిచి వెళ్ళాడు. వారం తిరక్కుండా మళ్ళీ ప్రత్యక్షం.

ఆ కంప్యూటర్ ఎక్కువగా వాడేది కూతురు. ఇంకేముంది, నేరం రుజువైపోయింది. ఇరవై రోజులుగా తండ్రి ఆ పిల్లతో మాట్లాడటం లేదు. డిజైన్ కోర్సుకు దరఖాస్తు పంపడానికి ఆ రోజే ఆఖరు. పంపనిచ్చేది లేదని తేల్చేశాడు కూడా.

మెకానిక్ కూర్చుని, కొత్త పెన్‌డ్రైవ్ కవరు చింపాడు.

టీ తెచ్చిన ఇంటావిడ కప్పు పెట్టి వెళ్ళిపోలేదు. వంటల పుస్తకం ఉచితమంటే ఓసారి నొక్కానని, ఆయనకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడని గుసగుసగా చెప్పుకుంది. ఆవిడ అటు వెళ్ళగానే ఇంటాయన వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. పాత స్నేహితురాలి ఫోటో అని మెయిల్ వస్తే తెరిచాడట.

"నావల్లే వచ్చిందేమో. ఇన్ని మాటలన్నాక పిల్లతో ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇది మన మధ్యే ఉండనివ్వండి."

మెకానిక్ తెర మీంచి చూపు తిప్పకుండా తలూపాడు.

చివరికి కూతురు వచ్చింది. గుమ్మం దాటలేదు.

"నేనే ఏదో నొక్కి ఉంటాను అంకుల్. ఏం నొక్కానో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు."

మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుతో తల ఇంకా కిందికి దించుకున్నాడు.

గంటన్నరలో పని అయిపోయింది. ఇక ఈ జన్మలో రాదని ఈసారి గట్టిగా చెప్పాడు. డబ్బు ఇవ్వబోతే ఒద్దంటే ఒద్దన్నాడు. ఎంత మంచివాడో అనుకుంది ఇంటావిడ.

గుమ్మంలో ఆగి నసిగాడు. "పాప తప్పు కాకపోవచ్చు సార్."

"మరెవరిదంటారు?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కూతురు తలెత్తి ఆశగా చూసింది. మెకానిక్ సంచి జిప్పు లాగాడు, మళ్ళీ వెనక్కి లాగాడు.

"ఏమో సార్, చెప్పలేం."

కూతురు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మెట్లు దిగి వీధి మలుపు తిరిగాక, మెకానిక్ జేబులోంచి తన పాత పెన్‌డ్రైవ్ తీశాడు. ప్రింటర్ బిగించిన రోజున ఆ ఇంటికి వైరస్‌ను మోసుకెళ్ళింది ఇదేనని చూపించి, క్షమించమని అడుగుదామనే అతను ఆ పొద్దున పిలవకుండా వచ్చాడు.