తలుపు వెనక గొంతు

"మీకు జవాబులు ఎవరు అందిస్తున్నారు?" అని ఇంగ్లీషులో అడిగాడు, ల్యాప్‌టాప్ తెరమీద ఇంటర్వ్యూ చేస్తున్న బెంగాలీ మేనేజరు.

ఇందు తలుపు వైపు చూసింది. మూసిన తలుపు వెనక నుంచి వచ్చింది తాత గొంతు. ఆమె "వన్ బై సిక్స్" అనగానే అటునుంచి తాతా "వన్ బై సిక్స్" అన్నాడు.

షేర్లు కొని అమ్మే కంపెనీకి లెక్కల ప్రోగ్రాములు రాసే ఉద్యోగం అది. క్వాంట్ డెవలపర్ అంటారు. ఆలోచన మనసులో పెట్టుకుంటే వాళ్లు ఒప్పుకోరు, పైకి చెబుతూ లెక్క చెయ్యాలి. ఆమెకు అదే చేతకాలేదు. రైలింజను నడిపి రిటైరైన తాత గణపతిరావు ఎదురుగా కూర్చుని అలవాటు చేశాడు. ఇంజనులో అసిస్టెంటు సిగ్నలు రంగు పైకి చెబితే డ్రైవరు అదే మాట తిరిగి అనాలి. వారాల తరబడి మనవరాలు చెప్పడం, తాత తిరిగి అనడం. ఇవాళ వసారాలో కూర్చోమంది గాని, ఆయన నోరు ఊరుకోలేదు.

లోపలికి పిలవమన్నాడు మేనేజరు. గణపతిరావు లుంగీ సర్దుకుంటూ వచ్చి తెరకు దండం పెట్టాడు. ఈ అనుమానం ఒకసారి పడిందంటే ఆ కంపెనీ గుమ్మం మళ్లీ తొక్కనివ్వరు. ఇందు ఇంజను సంగతంతా వివరించింది. మేనేజరు ముఖంలో నమ్మిన జాడ లేదు.

"నానేటీ సెప్పలేదని సెప్పమ్మా," అన్నాడు తాత మెల్లగా. "నువ్వన్నదే అన్నాను. నా మూలంగా నీ పని సెడితే నానేటి సేసేది?"

"నువ్వు కూకో తాతా."

మేనేజరు ఇంకో లెక్క ఇచ్చాడు. పాచిక వేస్తూ పోతే, వరసగా రెండు ఆర్లు పడడానికి సగటున ఎన్నిసార్లు వెయ్యాలి? ఇందు కంగారులో చెప్పేసింది.

"థర్టీ సిక్స్."

"థర్టీ సిక్స్," అన్నాడు గణపతిరావు గట్టి నమ్మకంతో.

తన మాట తాత నోట వినేసరికి తప్పు తెలిసింది. ఒక ఆరు పడ్డాక రెండోది తప్పితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

"కాదు. ఫార్టీ టూ."

"ఫార్టీ టూ," అన్నాడు తాత, అదే నమ్మకంతో.

మేనేజరుకు నవ్వాగలేదు. తప్పునీ ఒప్పునీ ఒకే ధీమాతో పలికే మనిషి జవాబులు అందించేవాడు కాడని తేలిపోయింది. నవ్వు సర్దుకుని, ముఖం బిగించి, ఫలితం తర్వాత తెలుపుతామన్నాడు. నిర్ణయం పూర్తిగా తనదేననీ, పక్కనుంచి ఎవరు చెప్పినా తను వినేరకం కాదనీ అన్నాడు.

అంతలో ఆయన గదిలోంచే, తెరకు కనబడని మూల నుంచి, ఒక ముసలావిడ గొంతు బెంగాలీలో వినబడింది. "తర్వాత దాకా ఎందుకురా బాబూ, నేను చెబుతున్నాగా, ఆ పిల్లని తీసుకో."