విడిగా మాట్లాడుకోమన్నారు

దుబాయ్, 2014

కస్తూరి గారికి నమస్కారం. నాది ఊరి బడి చదువు. అక్షరాలు వంకర, తప్పులూ ఎక్కువే. మన్నించి చదవండి.

శుక్రవారం ఫోను వీడియోలో జరిగిన పెళ్లిచూపుల గురించే ఈ కార్డు. జెబెల్ అలీలో ఓవర్‌టైం మానుకుని మా అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడు. కోడలు పట్టుచీర కట్టుకుని పెద్దరికంగా, "అమ్మాయికి పాటలొచ్చా అండీ?" అని అడిగింది.

"ముందు మీ అబ్బాయి చేత పాడించండి, విందాం" అన్నారు మీరు. ఇక్కడ అందరూ ఒకటే నవ్వు.

"యల్లా, పదండి! ఇక ముహూర్తం పెట్టించేద్దాం" అన్నాడు మావాడు.

"ఆగండి బాబూ, వాళ్లిద్దర్నీ కాసేపు విడిగా మాట్లాడుకోనివ్వండి" అన్నారు మీవాళ్లు. సరేనని మావాళ్లు తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు.

గదిలో నేను, ఫోనులో మీరు మిగిలాం. పెళ్లికొడుకుగా కూర్చోవడం నాకు నలభై ఏళ్ల తర్వాత మళ్లీ ఇప్పుడే. "టీ తాగారా?" అని మీరడిగితే తల ఊపి ఊరుకున్నాను. ఇష్టం లేక అలా ఉన్నాననుకున్నారేమోనని అప్పట్నుంచీ ఒకటే దిగులు.

మీరు నాకు నచ్చారండి. పిల్లలు పట్టుబట్టారని రాయడం లేదు.

నేను నచ్చానో లేదో వాళ్లకు ఫోను చేసి చెప్పకండి. నాకే, త్వరగా, ఒక్క ముక్క రాయండి.

పానకాలు