నాన్నమ్మ వేసిన అడ్డుపుల్ల

"కుదరదంటే కుదరదు" అన్నాడు వాచీల మెకానిక్, కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే. "ప్రతి శనివారం ఒక ఊరు, ప్రతి ఆదివారం ఇంకో ఊరు! పదకొండేళ్ళ పిల్ల ఆడుకోవాలా, ఊరేగాలా?"

పెళ్ళాం వినిపించుకోలేదు. తెచ్చిన కాగితాన్ని టేబుల్ మీద, విప్పిపెట్టిన గడియారం పక్కన పెట్టింది. పిల్లని వాలీబాల్ టీములో చేర్చుకుంటామని కోచ్ పంపిన కాగితం అది. కింద తండ్రి సంతకం ఒక్కటే తక్కువ. ఆరింటికల్లా అందకపోతే ఆ చోటు ఇంకో పిల్లకి వెళ్ళిపోతుంది. గోడమీద బాగైన గడియారాలన్నీ ఐదుంపావు చూపిస్తున్నాయి. బాగవాల్సినవాటి సంగతి ఆయనకే తెలియాలి.

"మూడు రోజులుగా పిల్ల సరిగ్గా తినడం లేదండీ."

"ఆకలేస్తే అదే తింటుంది. ఇలా తిరిగితే చదువేం కావాలి?"

"లెక్కల్లో తొంభై వచ్చాయిగా!"

"చెయ్యి విరిగితే?"

"మొన్న మీరు స్టూలు మీంచి పడి చెయ్యి బెణికించుకున్నారు. మనం స్టూళ్ళు మానేశామా?"

ఆయన పట్టకారుతో చిన్న మర పట్టుకుని, అదేదో ప్రపంచాన్ని మోస్తున్నట్టు దానికేసే చూస్తూ కూర్చున్నాడు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

"నాన్నా, ప్లీజ్ నాన్నా" అంది గుమ్మం పక్కనుంచి బుడంకాయ. పిల్లకి ఆ ముద్దుపేరు పెట్టింది నాన్నమ్మే.

"ష్! మెల్లిగా" అంది తల్లి. "అత్తయ్య విన్నారంటే ఇంక అంతే సంగతులు."

విననే విన్నది. చేతికర్ర టకటకలాడించుకుంటూ నాన్నమ్మ రానే వచ్చింది. కోడలికి మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది.

"ఏంటా కాగితం? పిల్లని ఊళ్ళు తిప్పుతారా? నేనుండగా జరగదు!"

"అదే నేనూ చెబుతున్నానమ్మా" అన్నాడు కొడుకు.

"నువ్వు చెప్పేదేంట్రా? ఈ ఇంట్లో పెద్దదాన్ని నేను. నేను వద్దంటే వద్దు. పిల్లల పెంపకం గురించి నీకేం తెలుసని?"

మెకానిక్ పట్టకారు కింద పెట్టాడు. "నాకు తెలియదా? అది నా కూతురమ్మా."

"అయితే? బంతిని కొట్టడం, అది పోయి కింద పడటం. అదీ ఒక ఆటేనా?"

"కింద పడకుండా చూసుకోవడమే ఆట! మన పిల్ల సర్వీసు ఎప్పుడైనా చూశావా నువ్వు? అవతలివాళ్ళు చెయ్యి ఎత్తేలోపు బంతి వాళ్ళ వెనక ఉంటుంది."

"చదువు అటకెక్కుతుంది."

"లెక్కల్లో తొంభై వచ్చాయి!"

"చెయ్యి విరుగుతుంది."

"నేను స్టూలు మీంచి పడ్డాను. స్టూళ్ళు మానేశామా?"

తన మాటలే మొగుడి నోట వింటూ పెళ్ళాం పక్కకి జరిగి నిలబడింది. తల్లి ఎడ్డెమంటే కొడుకు తెడ్డెం, కాపురానికి వచ్చిన రోజు నుంచీ చూస్తూనే ఉంది. ఇలాంటప్పుడు మధ్యలో దూరకపోవడమే మంచిదని కూడా అప్పుడే నేర్చుకుంది.

నాన్నమ్మ తగ్గలేదు. "నీ చిన్నప్పుడు ఈత పోటీలకి పంపమని మీ మేష్టారు గుమ్మం దాకా వచ్చి అడిగాడు. వద్దన్నాను. ఇప్పుడు నీకేం తక్కువైందిరా?"

మెకానిక్ భూతద్దం తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఏం తక్కువైందో నీకెప్పుడూ చెప్పలేదమ్మా. వారం రోజులు దుప్పటి ముసుగులో ఏడ్చాను. ఇప్పటికీ ఎవరైనా ఈదుతుంటే నిలబడి చూడలేను. నాకు బాధేస్తుంది."

ముసలావిడ మొహం గడియారాల వైపు తిప్పేసుకుంది. "అదంతా నాకు తెలీదు. సంతకం పెట్టావో, ఇంక నీతో మాట్లాడను."

"మాట్లాడకపోతే మానెయ్" అన్నాడు కొడుకు. "పెన్నేది?"

బుడంకాయ మూడు పెన్నులు తెచ్చింది. సంతకం ఆరీ ఆరకముందే కాగితం లాక్కుని, చెప్పులు కూడా మర్చిపోయి పరుగెత్తింది. నాన్నమ్మ కర్ర పొడుచుకుంటూ గదిలోకి వెళ్ళి దభాలున తలుపేసుకుంది.

పిల్ల తిరిగొచ్చేసరికి ఆరు దాటింది. మొహం వెలిగిపోతోంది. తల్లి ఒక్కసారి గట్టిగా కావలించుకుని, ఆ గది వైపు చూపించింది. "నీ సంతోషం సరేగానీ, పెద్దావిడ మనసు కష్టపడింది. వెళ్ళి బతిమాలుకో."

బుడంకాయ భయంభయంగా లోపలికెళ్ళింది. నాన్నమ్మ మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"నాన్నమ్మా, కోపమా?"

"ముందు తలుపెయ్యి."

వేసింది.

"మీ కోచ్ కాగితం తీసుకున్నాడా?"

"తీసుకున్నారు."

"మీ నాన్న సంతకం పెన్నుతోనే పెట్టాడా? పెన్సిల్‌తో పెట్టలేదు కదా?"

"పెన్నుతోనే నాన్నమ్మా."

"హమ్మయ్య" అంటూ నాన్నమ్మ దిండు కిందనుంచి కొత్త మోకాలి ప్యాడ్ల జత తీసి పిల్ల ఒళ్ళో పడేసింది. "కాగితం ఇంటికొచ్చిన రోజే తెప్పించాను, సరిపోయాయో లేదో వేసుకుని చూడు. మీ నాన్నకి మాత్రం నేనింకా కోపంగానే ఉన్నానని చెప్పు."